ఆరున్నరకు నీలగిరి నుంచి

మా మామ పోయాడు. సోమవారం మధ్యాహ్నం సంగటి తిని గోడకానుకుని కూర్చున్నవాడు, కూర్చున్నట్టే పోయాడు. రైల్వేలో తంతి కొట్టే ఉద్యోగం చేసి దిగిపోయిన మనిషి. ఆదోనిలో సగం మంది ఆయన్ను రేడియో పిచ్చోడని నవ్వుకునేవాళ్ళు. నవ్వినవాళ్ళే వచ్చి పాడె మోశారు. నేను ఆయన కోడలిని. నాలుగు మాటలు రాసుకోకపోతే నాకు ముద్ద దిగేట్టు లేదు.

మా ఊరింకా బళ్ళారి జిల్లాలో ఉన్న కాలంలో నేను ఎమ్మిగనూరు నుంచి ఈ ఇంటికి వచ్చాను. మాది మగ్గాల ఇల్లు. ఇక్కడ మగ్గం లేదు. మగ్గమంత గౌరవంతో ఒక ఇనుప పెట్టెను కూర్చోబెట్టి ఉన్నారు. యుద్ధం అయిపోయాక మద్రాసులో తుక్కు కింద అమ్మేసిన మిలిటరీ రేడియో అది. పాటలు రావు. తంతి భాష మాత్రం కుయ్, కుకుయ్ అని పలుకుతుంది. బదులివ్వడానికి మామ సొంతంగా చేసుకున్న ఇంకో పెట్టె, ఒక ఇత్తడి మీట, సర్కారు ఇచ్చిన లైసెన్సు ఉండేవి.

రోజూ పొద్దున ఆరున్నరకు నీలగిరి కొండల్లో టీతోట నుంచి ఒకాయన పిలిచేవాడు. యుద్ధంలో ఇద్దరూ ఒకే గుడారంలో తంతి కొట్టారు. ఆ తర్వాత ఎన్నడూ ముఖాలు చూసుకోలేదు. ఏం మాట్లాడుకుంటారు మామా అని అడిగాను ఒకసారి.

"ఆడ వానంట. ఈడ లేదని సెప్పినా."

"అంతేనా?"

"అంతకంటే ఏం గావాలమ్మా!"

మా ఇంటి వెనకే పత్తి జిన్నింగ్ మిల్లు. దాని మోటారు తిరిగిందంటే రేడియోలో కంకర దొర్లినట్టు రొద. పైగా మామకు చెవులు మందగిస్తున్నాయి. దానికి మందుగా ఆ పెట్టెలో ఒక నాబ్ ఉండేది, దాని వెనక చిన్న స్ఫటికం బిళ్ళ. నాబ్ తిప్పేకొద్దీ రేడియో చెవి ఇరుకవుతుంది. పూర్తిగా తిప్పితే మిల్లు పోతుంది, ఊరూపేరూ లేని పిలుపులన్నీ పోతాయి, ఒక్క కూత మాత్రం బావిలోంచి వచ్చినట్టు మిగులుతుంది. పత్తి కాలంలో దూదిపింజెలు కిటికీలోంచి వచ్చి లేత ఎండలో ఆగి ఆగి దిగేవి. ఆ కూత వింటూ వాటిని చూస్తుంటే పొయ్యి మీద పాలు పొంగినా నాకు తెలిసేది కాదు. మామ తిట్టేవాడు కాదు, ఆయనకూ తెలిసేది కాదు.

ఒక ఏడాది, సరిగ్గా పత్తి కాలంలోనే, నీలగిరాయన పలకడం మానేశాడు. మామ పిలుస్తాడు, ఆగుతాడు, మళ్ళీ పిలుస్తాడు. రొద ఎక్కువైందని నాబ్ ఇంకా బిగిస్తాడు. మొదట కోప్పడ్డాడు. "ఏమి మదమో వీనికి!" అన్నాడు. వారం దాటాక కోపం పోయి దిగులొచ్చింది. రెండో వారంలో ఒక పొద్దున రేడియో ఆపకుండానే లేచి అరుగు మీదికి పోయి కూర్చున్నాడు.

"పోయినాడమ్మా. మనిషుంటే పలకడా?" అన్నాడు.

పెట్టె మీద పేరుకున్న దూది తుడుస్తుంటే నా గుడ్డ తగిలి నాబ్ గిర్రున తిరిగిపోయింది. రేడియో చెవి బార్లా తెరుచుకుంది. మిల్లు, ఉరుములు, ఎవరెవరివో కూతలు, అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. దడుచుకుని వెనక్కి తిప్పబోయి ఆగిపోయాను. నాకప్పటికి తంతి అక్షరం ఒక్కటీ రాదు. కానీ ఇరవై మగ్గాలాడే వీధిలో పెరిగినదాన్ని. మా నాయన మగ్గం ఏదో, ఆ పూట ఆయన అలిగి నేస్తున్నాడో లేదో పడుకునే చెప్పేదాన్ని. ఆ గందరగోళంలో ఒక చెయ్యి కాస్త కుంటుతూ కొడుతోంది. ఎన్ని పొద్దులు విన్నానో ఆ చేతిని!

"మామా! రా మామా! నీలగిరాయన ఈడనే ఉండాడు!"

మామ పరుగున వచ్చాడు. "యాడ? నాకు రొదే ఇనపడతాంది."

"నువ్వు ఎతికే కాడ లేడు. పక్కనుండాడు. ముల్లు జరుపు. రొంత. ఇంగ రొంత. ఆఁ, ఆడ!"

అక్కడ ఆపి నాబ్‌ను మెల్లగా ఇరుకు చేశాడు. రొద తగ్గింది, కూత తేలింది. జరిగిందేమిటంటే, నీలగిరాయన పెట్టె పాతబడి, వేడెక్కేకొద్దీ ఉన్నచోటు నుంచి వెంట్రుకవాసి జరుగుతోంది. మామ పెట్టుకున్న సందు ఆ వెంట్రుకవాసి కంటే ఇరుకు. అవతలాయన రోజూ బదులిస్తూనే ఉన్నాడు.

మామ మీట మీద చెయ్యి పెట్టాడు గానీ కొట్టలేకపోయాడు. పైపంచతో ముఖం తుడుచుకున్నాడు. "ఇన్ని దినాలూ పక్కన నిలబడి పలికినాడమ్మా. నేనే తలుపేసుకోని, రాలేదని తిట్టుకుంటి."

ఆనాటి నుంచి ముందు చెవి బార్లా తెరిచి, మనిషిని వెతికి పట్టుకుని, ఆ తర్వాతే ఇరుకు చేసేవాడు. పక్కన నన్ను కూర్చోబెట్టుకునేవాడు. అక్షరాలు కూడా నేర్పాడు. "ఇరుకు జేస్తే రొద పోతాది. మరీ ఇరుకు జేస్తే మనిషే పోతాడు" అని ఎన్నిసార్లు అన్నాడో! మా ఆయన తన తమ్ముడితో మాట మానేసినప్పుడు కూడా, "రొంత ఎడల్పు జెయ్ రా నాయనా" అనేవాడు. వాళ్ళు నవ్వేసి కలిసిపోయారు. అట్లాంటి మామ దొరకడం నా అదృష్టం, ఇంకేం చెప్పను.

ఆయన పోయిన పూట ఆలూరుకు, పత్తికొండకు, గోనెగండ్లకు కబుర్లు పోయాయి. మర్నాడు పొద్దున, దూరంవాళ్ళ కోసం ఇంకా శవాన్ని ఉంచే ఉన్నాం, నాకు ఒకటి గుర్తొచ్చింది. మా ఆయన్ను పక్కకు పిలిచాను.

"నీలగిరాయనకు తంతి ఇచ్చినారా?"

"అయ్యో, మర్సిపోతిమి గదే!"

మా ఆయన సైకిలెక్కి తంతి ఆఫీసుకు పరుగెత్తాడు. అప్పటికే ఆరున్నర. రేడియో పెట్టాను. అవతల పిలుపు మొదలైంది. మీట మీద వేలు పెట్టాను. లైసెన్సు మామది, నాది కాదు. అదొక్కటే కాదు, మొదటి దెబ్బకే ఈ చెయ్యి తన స్నేహితుడిది కాదని ఆయనకు తెలిసిపోతుంది. ఆ కబురు ఆయనకు అట్లా చేరకూడదనిపించి వేలు తీసేశాను.

ఆయన మామ లైసెన్సు గుర్తు కొట్టి పిలిచాడు, ఆగాడు, మళ్ళీ పిలిచాడు. ఆయన పెట్టె వేడెక్కేకొద్దీ ఆ కూత మెల్లగా పక్కకు జరిగింది. నేనూ ముల్లు జరిపాను. మళ్ళీ జరిగింది. మళ్ళీ జరిపాను. ముందు గదిలో ఆడవాళ్ళు ఏడుస్తున్నారు. ఆయన బదులు కోసం ఆగినప్పుడల్లా నేను ఊపిరి బిగబట్టి కూర్చున్నాను.