ఒక పక్క అరిగిన చిల్లగింజ

బోధన్ నుంచి నిజామాబాద్ వచ్చే బస్సులో నాకు దగ్గు తెరలు తెరలుగా వస్తుంటే, పక్కసీటులోని ఆమె తన సీసా అందించింది. వానాకాలంలో మంజీర నీళ్లు ఎర్రగా ఉంటాయి. ఇవేమో అద్దంలా ఉన్నాయి.

"గింత తేటగ ఎట్లున్నయక్కా?" అన్నాను.

ఆమె కొంగుముడి విప్పి చిల్లగింజ చూపించింది. "దీన్ని కుండ లోపల రుద్ది నీళ్లు పోస్తే మన్నంత అడుక్కు దిగుతది. పైనీళ్లు వంచుకొని కాగవెడ్తం."

గింజ ఒక పక్క అరిగి పలచబడింది. "రోజూ నువ్వే రుద్దుతవా?"

"నేనెక్కడ! మా ఆయన రుద్దుతడు. నేను లేసేసరికి నీళ్లు తేటవడాలె గద. బిడ్డ ఇంటికి పోతున్నంటే కొంగుకు గూడ ఆయనే కట్టిండు," అంది, అందరి మొగుళ్లూ చేసే పనే అన్నట్టు.

నాకు కడుపు మండిపోయింది. దాహం తీరకుండానే సీసా తిరిగి ఇచ్చేశాను.

మర్నాడే మూలికల దుకాణంలో చిల్లగింజలు కొని, మా ఆయన కంటబడేలా కుండ మూత మీద పెట్టాను. అవెందుకో, ఎలా రుద్దాలో కూడా చెప్పాను. "మంచిదే," అన్నాడు.

అవి ఇప్పటికీ గుండ్రంగానే ఉన్నాయి. నేను మాత్రం చచ్చినా ముట్టుకోను.