చెల్లెలి చిలుకలు

పాలకుర్తిలో బట్టలు కుట్టే యాకమ్మకు, చెల్లెలు సరోజన కొన్న రంపం మిషనంటే కడుపుమంట. జనగామ దవాఖానలో నర్సుగా చేసే సరోజన, సెలవునాడు దాని సన్నటి బ్లేడుతో చెక్కను వంపులుగా కోసి చిలుకలు చేసేది. తల్లి వాటిని ఇంటికొచ్చిన వాళ్లందరికీ చూపించి మురిసిపోయేది. యాకమ్మ కుట్టిన జాకెట్టును మాత్రం ఏనాడూ ఎవరికీ చూపించలేదు.

ఒక ఆదివారం చెల్లెలింటికి వెళ్లిన యాకమ్మ, సరోజన వంటింట్లో ఉండగా మిషన్ ఆన్ చేసి చెక్కను బలంగా నెట్టింది. బ్లేడు పుటుక్కున తెగింది. చప్పుడు విని వచ్చిన సరోజన కొత్త బ్లేడు బిగించింది.

"గట్టిగ నూకకు అక్కా. బట్ట తిప్పినట్టు మెల్లగ తిప్పు."

సాయంత్రానికి యాకమ్మ చేతిలో సొట్ట ముక్కుతో ఒక చిలుక తయారైంది.

"మంచిగున్నది" అంది సరోజన.

"నీ దానంత లేదు," అంది యాకమ్మ ముఖం ముడుచుకుని. "మల్లొచ్చే ఆదివారం ఇంట్లనే ఉంటవా?"