చెల్లె చదువు గురించి నేను తెచ్చిన కబురు

ఈ బరువు పదేండ్ల నుంచి మోస్తున్న. నా భార్యకు తెలువదు. బాపు తెలువకుండనే పోయిండు. చెల్లెకు తెలుసో లేదో నాకు తెలువదు, అదే నన్ను లోపట్నుంచి తింటున్నది. మీరెవరో నాకు తెలువదు. అందుకే మీకు చెప్పబుద్ధయితాంది.

డెబ్బైల చివర్ల ముచ్చట. మాది వరంగల్ల కొత్తవాడ. బాపు మగ్గం మీద జంపఖానాలు నేసేటోడు. నేను వేరేటోళ్ల పవర్‌లూమ్ మీద కూలికి చేసేటోన్ని. చెల్లె సరోజన అప్పుడే బీఏ పాసయింది. దానికి పేపర్ల పిచ్చి. ఉప్పు పొట్లం కట్టిన కాయితం సుత సాపు చేసి చదివేది. హైదరాబాద్ల కమ్యూనికేషన్, జర్నలిజం అని ఏడాది డిగ్రీ ఉన్నది, దాంట్ల చేరుతనన్నది.

ఫీజు, హాస్టలు, అన్నీ కలిపి మూడు వేలు. ఇల్లు కుదువ పెడితే ఇస్తనని నూలు సేటు ఒప్పుకున్నడు. కని బాపుకు భయం. డాక్టరు చదివితే ఏమొస్తదో, టీచరు చదివితే ఏమొస్తదో మా వాడల అందరికీ తెలుసు. ఈ చదువు చదివినోళ్లకు ఏం జీతమిస్తరు, అప్పు ఎన్నేండ్లకు తీరుతది? ఎవలకూ తెలువదు. "నువ్వు పట్నం పోయి అడిగి రా బిడ్డా. నువ్వేం చెప్తే అదే" అన్నడు.

నాకు అప్పటికే అనుమానం. పట్నం నుంచి దానికి ఉత్తరాలొచ్చేటివి. పంపింది ప్రమీల అని ఉండేది. ఆ చదువే చదివి పేపరాఫీసుల పనిచేస్తాందని, ఆమె రాసిన వ్యాసమొకటి నచ్చి తను ఉత్తరం రాస్తే జవాబులు రాస్తాందని సరోజన చెప్పేది. నిజంగ ప్రమీలనేనా? ఆడపేరు పెట్టుకొని ఎవడన్న రాస్తున్నడా? అది ఇంట్ల లేనప్పుడు ఆ ఉత్తరాలు తీసి చదివిన. తప్పు పట్టేటందుకు అండ్ల ఏం లేకుండె. ఏం లేకపోవుడు చూసి అనుమానం ఇంకింత పెరిగింది.

రైలెక్కి పోయిన. ఆఫీసు దొరికింది. ప్రమీల నిజంగనే ఆడమనిషి. ముప్పై ఏండ్లుంటయి, కండ్లద్దాలు, వేళ్లకు సిరా. నన్ను క్యాంటీన్ల కూసోపెట్టి చాయ్ తాగిపిచ్చింది. మొదట్ల జీతం తక్కువేనన్నది. నాలుగొందలు. మొదటి ఆరు నెలలు అది సుత రాకపోవచ్చు, ఓపిక పట్టాలె. తర్వాత నెలకు వంద పక్కన పెడితే రెండున్నరేండ్లల్ల అప్పు తీరుతదని లెక్క చెప్పింది. "మీ సరోజన మంచిగ రాస్తది. హాస్టల్ల సీటు దొరకకుంటే నా రూముల ఉంటది, ఫికర్ చెయ్యకుండ్రి" అన్నది.

ఆ ఆఖరి మాట కాడ నేను ఆగిపోయిన. ముక్కు మొగం తెలువని పిల్లకు రూమెందుకిస్తది? ఈమెకేం లాభం? రైలు కాజీపేట దాటేదాంక అదే తిప్పి తిప్పి అనుకున్న.

ఇంటికొచ్చేసరికి బాపు మగ్గం ఆపి కూసున్నడు. సరోజన గడప మీద ఉన్నది.

"ఏమంటాండ్రు బిడ్డా?"

"లాభం లేదు బాపు. ఆ డిగ్రీ చేసినోళ్లు సగం మంది ఖాళీగ తిరుగుతాండ్రట. ఇల్లు పోతది."

సరోజన నా మొగమే చూసింది. "అన్నా, ప్రమీలక్కను కలిసినవా?"

"లేదు. పని ఇడిసిపెట్టి ఎటో పోయిందట."

అది లేచి లోపటికి పోయింది.

నెల తిరగకముందే బాపు ఇల్లు కుదువ పెట్టిండు. నా కోసం. పాత పవర్‌లూమ్ కొనేటందుకు. అంతకుముందు ఏడాది నేనే అడిగిన, అప్పుడు వద్దన్నడు. మరి నేను నిజంగ ప్రమీలను అనుమానించిన్నా, లేకుంటే లూమ్ మీద ఆశ ముందు పుట్టి, దాన్ని కప్పిపెట్టేటందుకు అనుమానాన్ని తెచ్చుకున్ననా? ఎన్నిసార్లు అడుగుకున్నా ఏది ముందో తేలుత లేదు. లూమ్ నడిచింది. అప్పు తీరింది. నేను బాగుపడ్డ.

సరోజన హన్మకొండల ఒక ప్రెస్సుల ప్రూఫులు దిద్దే పనికి కుదిరింది. పెండ్లి పత్రికలు, ఎలక్షన్ల కరపత్రాలు. ఒకలు రాసిన దాంట్ల తప్పులు తీసుడే దాని పని. సొంతంగ ఏం రాసినట్టు నేను మళ్ల చూడలే.

నాలుగేండ్ల కింద ప్రమీల వరంగల్‌కొచ్చింది, నేతోళ్ల కష్టాల మీద వార్త రాసేటందుకు. ప్రెస్సుకు పోయి సరోజనను కలిసింది. ఆ దినం పొద్దుగూకినంక సరోజన మా ఇంటికొచ్చి, పొయ్యికాడ నా భార్యతోని ముచ్చట పెట్టుకుంట, "ప్రమీలక్క వచ్చింది అన్నా" అన్నది. అంతే. నేను "అట్లనా" అన్న. "ఆఫీసు మారనే లేదట. అప్పటి నుంచి గదే కుర్చీ" అని నవ్వింది.

ఎందుకు నవ్వింది? నేనొచ్చి చాయ్ తాగిన సంగతి ప్రమీల చెప్పకుండ ఉంటదా? చెప్తే సరోజన ఎందుకు లొల్లి చెయ్యలే? అప్పటి నుంచి అది ఏమన్నా నాకు ఇంకోటి ఇనపడుతది. "తిన్నవా అన్నా" అంటే ఏదో గుచ్చుతాందనుకుంట. మా పిల్లలకు పుస్తకాలు తెస్తే, నన్ను ఎత్తిపొడిచేటందుకే తెచ్చిందనుకుంట. అది మామూలుగనే ఉన్నదేమో. నాకు మామూలు అనేది లేకుండ పోయింది.

అడిగితే అయిపోతది. అడుగుత లేను. తెలుసంటే దాని మొగం చూడలేను. తెలువదంటే నేనే చెప్పాలె.

మాఫ్ చెయ్యమని మిమ్మల్ని అడుగుత లేను, అది మీ చేతుల లేదు. ఒక్క మాట అయితే రాస్త. ప్రమీల ఆ దినం ఆఫీసులనే ఉన్నది. అంతా నిజమే చెప్పింది. అబద్ధం నాది. ఈ మూడు ముక్కలు రాసేటందుకు పదేండ్లు పట్టింది. ఇప్పుడు జర ఊపిరాడుతాంది.