ముత్యాలు లెక్కపెట్టిన కన్ను

బంగారం కోసం నేలను తొలిచిన తాతల గనులు మూతపడి, వారి మనుమల గుమ్మాలకు రొట్టెలు మోసిన గుర్రపు బండ్లు వీధుల్లోంచి కనుమరుగై, పౌండ్లూ షిల్లింగులూ పెన్నీలూ ఒక ఫిబ్రవరిలో డాలర్లకు చోటిచ్చి తప్పుకొని, నాణేల మీద రాజుల తలలు రాణి తలకు, రాణి తల మళ్లీ రాజు తలకు దారి వదులుతూ సాగిన ఈ సుదీర్ఘ కాలప్రవాహంలో, బెండిగో పట్టణపు రొట్టెల బట్టీలో పనిచేసి విరమించిన లిండ్సే ట్రెజెంజా కన్ను మాత్రం చెదరకుండా ఒకే చోట నిలిచి ఉంది: అయిదవ జార్జి రాజు కిరీటం మీద.

ఆ రాజు కాలపు పెన్నీ మీద కిరీటపు పట్టీలో ఎనిమిది ముత్యాలు, వాటి నడుమ ఒక వజ్రం ఉంటాయి. నాణెం చేతులు మారేకొద్దీ ముందు వజ్రం మాసిపోతుంది; ఆపైన ముత్యాలు ఒక్కొక్కటే అణగిపోతాయి. ఎన్ని మిగిలితే నాణేనికి అంత వన్నె. ఈ దేశంలో నాణేలు కూర్చేవారికి అక్షరాభ్యాసం ఆ ముత్యాలతోనే జరుగుతుంది.

నెలకొకసారి చర్చి వెనుక గదిలో నాణేల సంఘం కూడేది. పచ్చని ఉన్నిగుడ్డ మీద పళ్లెం కదిలేది. నాణేన్ని అంచులు మాత్రమే పట్టుకొని, శ్వాస తగలకుండా తల పక్కకు తిప్పి, పక్కవారికి అందించడం అక్కడి మర్యాద. చివరకు అది లిండ్సే దగ్గర ఆగేది. ఆయన భూతద్దం కంటికి ఆనించి, కిరీటం మీది ముత్యాలు లెక్కపెట్టి, "ఏడు, వజ్రం సగం" అనేవాడు. అట్ట మీద పెన్సిలుతో ఆ మాట రాసేవారు. ఆ మాట మీదే వేలం సాగేది. బట్టీలో ఎవరి ఆజ్ఞలకో తలవంచి బతికిన మనిషికి ఆ గదిలో మాత్రం సింహాసనం ఉండేది.

ఆ సింహాసనాన్ని కదిలించినవాడు క్రెయిగ్ డన్‌స్టన్. పైపుల వ్యాపారం చేసేవాడు, ముసలితనానికి పెట్టుబడిగా నాణేలు కొనేవాడు. అతను తెచ్చే నాణేలు విడిగా ఉండవు. అమెరికాలో ఒక గ్రేడింగ్ కంపెనీకి పంపితే, అక్కడివారు పరీక్షించి, డెబ్భైకి ఇన్నని లేబులు మీద అంకె వేసి, దానితో సహా తెరవడానికి వీల్లేని గట్టి ప్లాస్టిక్ డబ్బాలో మూసి తిప్పి పంపుతారు.

"ఏం పెద్దాయనా, ముత్యాలు ఏరడం అయిందా? అయితే ఒక దండ గుచ్చివ్వు, మా ఆవిడ మెళ్లో వేస్తా," అన్నాడు క్రెయిగ్ ఒకనాడు.

"మీ ఆవిడకి దండెందుకబ్బాయ్? నువ్వు తెచ్చే డబ్బాలు చాలవూ, మిగిలిన కూర దాచుకోడానికి?"

అందరూ నవ్వారు. క్రెయిగ్ కూడా నవ్వాడు. "నవ్వండి నవ్వండి. మొన్న సిడ్నీలో ఒకాయన నా ఫ్లోరిన్ నాణేన్ని కళ్లతో చూడకుండానే కొన్నాడు. ఫోన్లో అంకె చదివా. డబ్బు పంపాడు."

"చూడకుండా కొనేవాడికి నాణెం దేనికిరా?"

"మళ్లీ అమ్మడానికి. నీ కన్ను గొప్పదే పెద్దాయనా, కాదన్నదెవరు? బెండిగో దాటితే చెల్లదు, అంతే."

ఆ మాట పట్టుకొనే అతను సంఘం ముందు ఒక ప్రతిపాదన పెట్టాడు: రాబోయే ఏడాది నుంచి డబ్బాలో మూసిన నాణేలే వేలానికి రావాలి. అధ్యక్షుడు కోల్ షూబర్ట్ లిండ్సేకు బడినాటి స్నేహితుడు. "ఏమంటావురా లిన్?" అని అడిగాడు.

లిండ్సే లేచి నిలబడ్డాడు. మేనత్త ఎల్సీ ఫ్లానెల్ గుడ్డలో చుట్టి కుట్టుపెట్టెలో దాచి తనకు వదిలిపోయిన 1925 పెన్నీ ఆయన దగ్గర ఉంది. ఆ ఏడాది పెన్నీలు అరుదు; దీని మీద ఎనిమిది ముత్యాలూ, వజ్రమూ చెక్కుచెదరలేదు.

"నా పెన్నీ పంపుతా. అరవై నాలుగుకి తక్కువ రాదు. తక్కువ వచ్చిందా, ఆ రోజే ఈ భూతద్దం ఈ బల్ల మీద పెట్టేసి తప్పుకుంటా. రాలేదా, నీ డబ్బాలు నీ ఇంట్లోనే పెట్టుకో."

"మాటేనా?"

"మాటే."

అహంకారం జ్ఞానం వేషం వేసుకొని వచ్చినప్పుడు దాన్ని పోల్చుకోవడం మహామహులకే అలవి కాలేదు. రొట్టెలు కాల్చినవాడికి ఎలా సాధ్యమౌతుంది?

పెన్నీ తిరిగివచ్చింది. అంకె అరవై రెండు.

లిండ్సే ఆ డబ్బాను వంటగది బల్ల మీద పెట్టాడు. భార్య నోరీన్ కళ్లజోడు సవరించుకొని చదివింది.

"సరే, రెండు తక్కువ. కొంప మునగలేదుగా. వెళ్లి చెప్పేయ్."

"వాళ్లు సరిగ్గా చూళ్లేదు నోరీన్. రోజుకి వేలల్లో చూస్తారు. ఒక్కోదానికి ఎంతసేపు పెడతారు? డబ్బా పగలగొట్టి మళ్లీ పంపితే అంకె పెరుగుతుంది. వ్యాపారులందరూ చేసేది అదే."

"వ్యాపారులు చేస్తారు. నువ్వు వ్యాపారివా?"

"నా మాట పోతుంది."

"మాట పోతే మళ్లీ వస్తుంది లిన్. నీ మొండితనం ఉందే, అదే ఎక్కడికీ పోదు."

మరునాడు మధ్యాహ్నం ఆయన వెనుక షెడ్డులోకి వెళ్లి తలుపు చేరవేసుకున్నాడు. కటింగ్ ప్లేయరుతో డబ్బా మూల విరిచాడు. సందులో స్క్రూడ్రైవరు దూర్చి నొక్కాడు. ప్లాస్టిక్ మొండికేసింది. ఇంకాస్త నొక్కాడు. డబ్బా ఒక్కసారిగా చిట్లింది, చేయి జారింది, రాజు చెంప మీద నుంచి గడ్డం దాకా ఒక తెల్లని గీత తళుక్కుమంది.

టీ తెచ్చిన నోరీన్ గుమ్మంలోనే ఆగిపోయింది. "ఏమైంది?"

"రాజు మొహం చీరేశాను."

ఆమె కప్పు కింద పెట్టింది. "ఎల్సీ అత్త కుట్టుపెట్టెలో సూదుల మధ్య బతికిందది. నీ చేతిలో బతకలేకపోయింది." ఆ మాట నోరు దాటాక ఆమెకే నొప్పి కలిగింది. దగ్గరికి వచ్చి ఆయన భుజం మీద చేయి వేసింది.

గీత ఎంత లోతో చూద్దామని లిండ్సే అద్దం తీశాడు. కిటికీ వెలుగులో నాణేన్ని అటూ ఇటూ తిప్పాడు. అలా తిప్పుతూ తిప్పుతూ ఆగిపోయాడు. గీత పక్కనే, చెంప ఎముక మీద, మెరుపు లేని ఒక మచ్చ. ఫ్లానెల్ గుడ్డ ఏళ్ల తరబడి మెత్తగా ఒరుసుకొని రాగి నిగారింపును అక్కడ తినేసింది.

"ఇది అప్పుడూ ఉంది," అన్నాడు.

"ఏది?"

"ఈ మచ్చ. నేనెప్పుడూ చెంప చూళ్లేదు నోరీన్. కిరీటం చూశాను. మా నాన్న ముత్యాలు లెక్కపెట్టమన్నాడు, లెక్కపెట్టాను. వాళ్లు మొహమంతా చూశారు. అరవై రెండే. సరిగ్గా అరవై రెండే."

కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు. ఆ ముద్దులోని మచ్చను ఎత్తి చూపించేవాడు పరాయివాడైతే, నిజం కూడా అవమానంలాగే తగులుతుంది.

తర్వాతి సమావేశంలో ఆయన అంతా చెప్పాడు. అంకె చెప్పాడు, షెడ్డు సంగతి చెప్పాడు, చెంప మచ్చ సంగతీ దాచలేదు. గీత పడ్డ పెన్నీని పళ్లెంలో పెట్టాడు. దాన్ని ఎవరూ చేతిలోకి తీసుకోలేదు.

క్రెయిగ్ వెక్కిరించలేదు. నిజంగానే బాధపడ్డాడు. "అయ్యో పెద్దాయనా, డబ్బాలో ఉండుంటే నేనే కొనేవాణ్ని. పోనీ లేబులైనా దాచావా?"

"లేబులు దేనికి? నాణెం ఇదిగో, నీ ముందే ఉంది."

"నాణెం కాదు, లేబులు," అన్నాడు క్రెయిగ్ ఓపికగా, చెవిటివాడికి చెప్పినట్టు.

చేతులెత్తారు. ప్రతిపాదన నెగ్గింది. కోల్ చేయి అందరికన్నా ఆలస్యంగా లేచింది. లేచింది మాత్రం నిజం. లిండ్సే జేబులోంచి భూతద్దం తీసి పచ్చని గుడ్డ మీద పెట్టాడు. వద్దని ఎవరైనా అంటారేమోనని ఒక్క క్షణం నిలబడ్డాడు.

"టీ చల్లారిపోతోంది, కానివ్వండి," అన్నాడు కోల్, ఆయన వైపు చూడకుండా. మొదటి వేలం వస్తువులకు చోటు చాలక అద్దాన్ని కాస్త పక్కకు జరిపాడు. కొత్త ఏడాది దాకా ఆగకుండా కొందరు అప్పుడే తెచ్చిన డబ్బాలు చేయి మారుతూ వెళ్లాయి. ఇప్పుడు ఎవరూ అంచులు పట్టుకోనక్కర్లేదు. ఎవరూ తల పక్కకు తిప్పనక్కర్లేదు. వేలిముద్రలు పడితే పడ్డాయి, ప్లాస్టికే కదా. అంకె చదివి పక్కవారికి ఇచ్చేస్తున్నారు. లోపలి రాజు మొహం వైపు ఆ సాయంకాలం ఒక్కరూ చూడలేదు. లిండ్సే ఇంటికి నడిచాడు. గుమ్మంలో ఎదురొచ్చిన నోరీన్ కోటు అందుకుంది.

సర్వసాక్షి అయిన పరమాత్మ, మనుషులు వేసే అంకెలకు అందని తన చూపుతో, ఓటమిని తన నోటితోనే చెప్పుకున్న ఆ వృద్ధుణ్ణి కనిపెట్టి ఉండుగాక. ఆయన మొండితనాన్ని నలభై ఏళ్లుగా భరించిన ఆ ఇల్లాలికి ఆరోగ్యం కలుగుగాక. కరవు నేల మీది వారి తొట్టి వాననీటితో నిండుగాక, వారి పొయ్యి మీద రొట్టె చక్కగా పొంగుగాక, ఒకరి ముఖం ఒకరు తనివితీరా చూసుకునే దినాలు ఆ ఇంట చిరకాలం నిలుచుగాక.