మెడ నిలవని బొమ్మ

మెడికల్ కాలేజీ ప్రాక్టీసు గదిలోని ప్లాస్టిక్ పసిపాప బొమ్మలను చూస్తే, ఆసుపత్రి దుప్పట్లు కుట్టే టైలరమ్మకు ఒళ్ళు మండేది. అవి కర్రల్లా బిగుసుకుని ఉండేవి.

"పసిగుడ్డుకు మెడ నిలుస్తుందా ఎక్కడైనా?" అని తానే ఒక గుడ్డబొమ్మ కుట్టి, తలలో ఇసుక నింపి ఇచ్చింది. మెడ కింద చెయ్యి పెట్టకపోతే ఆ తల వేలాడిపోయేది. ఆ తర్వాత విద్యార్థులంతా పసిపిల్లల్ని ఎత్తుకోవడం దానితోనే నేర్చుకున్నారు.

వాళ్ళలో ఒక డాక్టరమ్మే ఇవాళ కాన్పు గదిలోంచి టైలరమ్మ మనవరాలిని ఎత్తుకొచ్చింది. టైలరమ్మ పాప ముఖం కంటే ముందు డాక్టరమ్మ చెయ్యి చూసింది. అరచెయ్యి సరిగ్గా మెడ కిందే ఉంది.

"అమ్మమ్మగారూ, ఎవరి పోలికో చెప్పండి!"

"పోలిక సంగతి తర్వాత చూద్దాంలే అమ్మాయ్," అంది టైలరమ్మ వరండా అంతా వినబడేలా. "ఆ ఎత్తుకోవడం మాత్రం నా బొమ్మ నేర్పిందే!"