సున్నా మేష్టారి నీడ లెక్క

సున్నా మేష్టారంటే ఆ బడిలో తెలియనివాళ్లు లేరు. చెయ్యి బారుగా చాపి, భుజం దగ్గర్నుంచి తిప్పి, ఒక్క విసురులో ఆయన నల్లబల్ల మీద గీసే సూర్యుడు ఎంత గుండ్రంగా వచ్చేవాడంటే, కొలిచి చూసినా వంక దొరికేది కాదు. సగం పేరు అందువల్ల వచ్చింది. మిగతా సగం పరీక్ష పేపర్ల మీద ఆయన ధారాళంగా పంచిపెట్టే మార్కుల వల్ల వచ్చింది. ఈ రెండో సంగతి తనకు తెలియనట్టే ఉండేవారాయన.

ఏడో తరగతి సైన్సు ఆయనది. ఎవరూ రాసిచ్చింది కాదు, ఎవరూ కాదన్నదీ లేదు. సూర్యశక్తి పాఠం పుస్తకానికి నడిమధ్యన, చలిరోజుల్లో వచ్చేది. ఆ పూట మాత్రమే రంగు సుద్దముక్కల డబ్బా బయటికి తీసేవారు. పసుపు సూర్యుడు, నారింజ కిరణాలు, కింద ఒక ఇల్లు, ఇంటి కప్పు మీద నల్లటి పలక, పలక నుంచి బల్బుకి ఒక తీగ. పిల్లలు నాలుక కొస పళ్లతో నొక్కిపట్టి ఆ బొమ్మ దించుకునేవారు. ఆ బల్బు ఏనాడూ వెలగలేదన్న ఆలోచన వాళ్లకీ రాలేదు, ఆయనకీ రాలేదు.

ఆయన కూతురు కూడా ఆ బెంచీల మీద కూర్చునే ఆ బొమ్మ గీసింది. ఇప్పుడు కూతురి కూతురు ఆరో తరగతిలో ఉంది. పై సంవత్సరం ఏడులోకి వస్తుంది. ఆయన ఉద్యోగానికి అదే ఆఖరి సంవత్సరం. మనవరాలికి ఆ సూర్యుణ్ణి గీసి చూపించి, చేతులు దులుపుకుని ఇంటికి వెళ్లిపోవాలని ఆయన మనసులో ఎప్పుడో రాసిపెట్టుకున్నారు. పెద్ద కోరిక కాదు. కానీ ఆయనకున్నది అదొక్కటే.

ఇంతలో ఆరో తరగతికి కొత్త టీచరమ్మ వచ్చింది.

వచ్చిన రోజునే ఆమె సంచి చూసి స్టాఫ్‌రూమంతా నోరు వెళ్లబెట్టింది. చెప్పుల అట్టపెట్టెలు, వెండిరంగు కాగితం చుట్ట, పాత సీడీలు, విరిగిన బొమ్మకారు, దాని పొట్టలోంచి పీకిన మోటారు. అన్నింటికన్నా మేష్టారి కడుపు మండించింది ఆమె అన్న మాట. ఆరో తరగతి పుస్తకంలోనూ సూర్యుడి మీద చిన్న పాఠం ఒకటుంది. ఆమె దాన్ని చివరికి నెట్టేసింది.

"ఎండ లేనప్పుడు ఎండ పాఠం ఏం చెప్తామండీ? బాగా కాయనీండి, అప్పుడు చూద్దాం," అంది నవ్వుతూ.

ఇన్నేళ్లుగా చలిలోనే ఆ పాఠం చెప్పిన మేష్టారు టీ గ్లాసులోకి చూశారు. ఆమె తనను ఉద్దేశించి అనలేదని ఆయనకు తెలుసు. తెలిసినందువల్ల మంట తగ్గలేదు.

ఎండలు ముదిరాయి. మనవరాలు బడినుంచి తాతగారింటికి వచ్చి అమ్మమ్మ దగ్గర తినేసి వెళ్లేది. అన్నం కన్నా ముందు కబుర్లు వడ్డించేది.

"ఇవాళ టీచర్ మా చేతులు ఎండలో పెట్టించింది తాతా. ఒక అరచేతిలో తెల్లకాగితం, ఇంకో అరచేతిలో నల్లకాగితం. కళ్లు మూసుకుని ఏది ముందు వేడెక్కిందో చెప్పాలి. నల్లదే చుర్రుమంది."

"నలుపు వేడిని పీల్చుకుంటుంది. అది నేను నీకు ఎప్పుడో చెప్పాను."

"చెప్పావులే. కానీ నువ్వు చెప్పినప్పుడు చుర్రుమనలేదు."

వంటగదిలోంచి భార్య నవ్విన చప్పుడు వినిపించింది. "ఏమండీ, ఆ అన్నం కలిపి చాలాసేపయింది. తింటున్నారా, పాఠం చెప్తున్నారా?"

"తింటున్నాను," అన్నారు మేష్టారు. ముద్ద మాత్రం కంచంలోనే ఉంది.

మర్నాడు హెడ్మిస్ట్రెస్ ఆయన్ని గదిలోకి పిలిచింది. ఆవిడ మంచివార్తకైనా చెడ్డవార్తకైనా కళ్లజోడు తీసి తుడుస్తుంది కాబట్టి, ముఖం చూసి పోల్చుకోవడం కుదరదు.

"మేష్టారూ, ఆరో తరగతి తల్లిదండ్రులు ఒకటే పోరు. ఆ టీచరమ్మనే పిల్లలతోపాటు ఏడుకి పంపమంటున్నారు. ఇన్నాళ్ల మీ క్లాసు, నాకూ మనసొప్పడం లేదు. తల్లిదండ్రుల రోజున ఆవిడ పిల్లలచేత ఏదో చేయిస్తుందట. చూద్దాం. ఆ సాయంత్రం తేలుస్తాను."

మేష్టారు తల ఊపి బయటికొచ్చారు. వరండాలో నాలుగడుగులు వేసేసరికి అర్థమైంది. పోయేది క్లాసు కాదు, మనవరాలు. నల్లబల్ల ముందు ఆ పిల్ల కూర్చుని తలెత్తి చూసే ఆ ఒక్క పూట పోతుంది.

తల్లిదండ్రుల రోజుకి ముందురోజు ఆయన స్టాఫ్‌రూము కిటికీ దగ్గర నిలబడి ఉంటే, ఆటస్థలంలోంచి కొత్త టీచరమ్మ చెయ్యి ఊపింది. వాలీబాల్ స్తంభం పక్కన పొడవాటి బల్ల వేయించింది. చుట్టూ పిల్లలు మూగి, ఎండకి తిరిగే కాగితం పంకాలూ, ఎండకి వేడెక్కే అట్టపెట్టెలూ తయారు చేస్తున్నారు. ఆమె చెమట తుడుచుకుంటూ కిటికీ కిందికి వచ్చింది.

"మాస్టారూ, రేపు మధ్యాహ్నం బెల్లు కొట్టగానే మొదలుపెడతాం. బల్ల అక్కడ ఉంచితే సరిపోతుందంటారా? ఈ గ్రౌండు మీకు తెలిసినట్టు ఎవరికీ తెలీదు కదా."

మేష్టారు అటు చూశారు. ఆటస్థలం అంచున ఎత్తైన ఇనప కాళ్ల మీద నీళ్ల ట్యాంకు. సూర్యశక్తి పాఠం చెప్పే రోజుల్లో, మధ్యాహ్నం బెల్లు వేళకి, ఆ ట్యాంకు నీడ బారుగా సాగి సరిగ్గా వాలీబాల్ స్తంభం దాకా వచ్చేది. కిటికీలోంచి ఎన్నిసార్లు చూశారో ఆయన. ఆ నీడ బల్ల మీద పడితే పంకాలు ఆగిపోతాయి, పెట్టెలు చల్లబడతాయి. ఊరందరి ముందు.

"భేషుగ్గా ఉంది," అన్నారు. "అక్కడే ఉంచండి."

ఆ మాట తన నోట్లోంచి అంత తేలిగ్గా వచ్చినందుకు ఆయనే కాస్త ఆశ్చర్యపోయారు.

మరుసటి రోజు గొడుగులతో, విసనకర్రలతో తల్లిదండ్రులు వచ్చారు. బల్ల మీద అట్టపెట్టెలు వరసగా నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. మూతలకి లోపలివైపు వెండికాగితం, అడుగున నల్లకాగితం, పైన పల్చటి ప్లాస్టిక్ తెర. మూత వాలిపోకుండా స్కేలు ఊతం. లోపల రెండు బిస్కెట్ల మధ్య చాక్లెట్ ముక్క. బల్ల రెండో కొసన చిన్న నల్లపలకలకి బొమ్మకారు మోటార్లు కట్టి, వాటికి కాగితం రెక్కలు తగిలించారు. అవి గిర్రున తిరుగుతున్నాయి.

మనవరాలు ఒక పలకని అరచేత్తో మూసింది. రెక్కలు ఆగాయి. చెయ్యి తీసింది. తిరిగాయి. "చూశారా, దీనికి బ్యాటరీ లేదు. ఎండే దీని తిండి," అని ఒక పెద్దాయనకి చెబుతోంది. ఆయన తనూ చెయ్యి అడ్డంపెట్టి తీశారు. మళ్లీ పెట్టారు. చిన్నపిల్లాడిలా నవ్వారు.

మేష్టారు ఆ నవ్వు చూడలేక ట్యాంకు వైపు తిరిగారు. బెల్లు మోగింది.

నీడ రాలేదు.

ఇంకాసేపట్లో వస్తుందనుకున్నారు. మెడ మీద ఎండ కాలుతోంది. జేబురుమాలు తల మీద వేసుకుని చూశారు. ట్యాంకు నీడ తన ఇనప కాళ్ల మధ్యనే కుక్కపిల్లలా ముడుచుకుని పడుకుంది. అక్కణ్ణుంచి వాలీబాల్ స్తంభం ఎక్కడో దూరం.

అప్పుడాయన తలెత్తారు. సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉన్నాడు.

చలిలో సూర్యుడు కిందుగా నడుస్తాడు, నీడలు సాగుతాయి. ఎండాకాలం నెత్తికెక్కుతాడు, నీడలు కుంచించుకుపోతాయి. ఈ రెండు వాక్యాలూ ఏడో తరగతి పుస్తకంలో ఉన్నాయి. ఏటా పరీక్షలో ఆయనే ప్రశ్న ఇచ్చేవారు. రాయని పిల్లలకి సున్నా వేసేవారు.

పెట్టెలు తెరిచారు. చాక్లెట్ కరిగి బిస్కెట్ల అంచులు దాటి కారుతోంది. పిల్లలు వేళ్లు నాకుతూ తల్లులకి పంచారు. గోల సద్దుమణిగాక కొత్త టీచరమ్మ ముందుకు వచ్చింది.

"ఈ చోటు చూసి చెప్పింది మన మాస్టారు. నేను ఆ గోడ పక్కన పెడదామా అని కూడా అనుకున్నాను. ఆయన ఒక్కసారి చూసి ఇక్కడే ఉంచమన్నారు."

అందరూ చప్పట్లు కొట్టారు. మేష్టారి ముఖం పెట్టెలో పెట్టినట్టు వేడెక్కింది.

హెడ్మిస్ట్రెస్ దగ్గరికొచ్చి కళ్లజోడు తుడిచింది. "మీ మనసు పెద్దది మేష్టారూ. పోటీకి వచ్చినామెకి సాయం చెయ్యడం అందరివల్లా అవుతుందా? ఏడో తరగతి మీదే. తల్లిదండ్రులకి నేను చెప్పుకుంటాను."

కావలసింది దక్కింది.

సాయంత్రం ఇంటికి వెళ్లేటప్పుడు మనవరాలు ఆయన గొడుగు పట్టుకుని నడుస్తోంది. గొడుగు నీడ ఆమె మీద పడటం లేదు, పక్కనున్న గోడ మీద పడుతోంది.

"తాతా, అందరూ బల్లవైపు చూస్తుంటే నువ్వు ట్యాంకువైపు చూస్తున్నావేంటి?"

"ఊరికే."

"నీడ పడుతుందని భయపడ్డావా? పడదు. పోయిన వారమే టీచర్ మాచేత ఆ నీడ చుట్టూ సుద్దతో గీయించింది, పొద్దున్నుంచి సాయంత్రం దాకా. మధ్యాహ్నప్పూట అది బల్ల దగ్గరికి రాదని మాకు తెలుసు. నిన్న కూడా ఆ గీతలు ఉన్నాయి నేల మీద. నువ్వు కిటికీలోంచే చూశావు కాబట్టి కనపడలేదేమో."

"తెలిస్తే మళ్లీ నన్నడగడం దేనికి?"

"నిన్నడగమని నేనే చెప్పాను టీచర్‌కి. మా తాతకి సూర్యుడి గురించి అంతా తెలుసు, అడిగితే సంతోషిస్తాడు అన్నాను." నాలుగడుగులు వేసి, ఆ పిల్ల మళ్లీ ఆగింది. "అయినా, నీడ పడుతుందనుకుంటే నిన్ననే చెప్పాలి కదా తాతా?"

మేష్టారు నడక వేగం పెంచారు. ఇంటి దగ్గర ఆ పిల్ల గొడుగు మడిచి ఆయన చేతికిచ్చి, మెట్లెక్కి అమ్మమ్మ దగ్గరికి వెళ్లిపోయింది. ఆ రోజు కబుర్లు వడ్డించలేదు.

మర్నాడు బడి తెరవకముందే ఆయన హెడ్మిస్ట్రెస్ గది ముందు నిలబడ్డారు.

"ఏడో తరగతి ఆవిడకివ్వండి. ఆరు నేను తీసుకుంటాను."

"అదేంటి మేష్టారూ, నిన్ననేగా..."

"అక్కడ నీడ పడుతుందనుకునే నేను బల్ల అక్కడ ఉంచమన్నాను. పడలేదు. నా లెక్క తప్పింది. ఏడో తరగతిలో నీడల పాఠం ఉంది, మీకు తెలుసుగా."

హెడ్మిస్ట్రెస్ కళ్లజోడు తీసింది. తుడవలేదు. ఆయన వంక చూసి, మళ్లీ పెట్టుకుంది. "సరే," అంది. ఆయన ఒప్పుకున్న సంగతి ఆ గది దాటి బయటికి రాలేదు.

ఆ ఆఖరి సంవత్సరం ఆయన ఆరో తరగతికి సూర్యుణ్ణి గీశారు, ఎప్పటిలాగే గుండ్రంగా. గీశాక పిల్లల్ని బయటికి తీసుకెళ్లి చేతుల్లో నల్లకాగితాలు పెట్టించారు. గోడకి అవతల ఏడో తరగతిలో పకపకలు వినిపిస్తే మాత్రం ఆయన చేతిలో సుద్దముక్క పుటుక్కున విరిగేది. అసూయ పోలేదు. అది పోయే జబ్బు కాదని ఆయనకి అర్థమైంది. దానికి తిండి తగ్గించడం ఒక్కటే తన చేతిలో ఉన్నది.

సాయంత్రాలు మనవరాలు రాగానే, పట్టించుకోనట్టు పేపరు చాటునుంచి అడిగేవారు: "ఇవాళ ఏం వెలగబెట్టింది మీ టీచరు?"

ఒకరోజు ఆ పిల్ల అన్నం ముందు కూర్చుంటూ అంది. "ఇవాళ బోర్డు మీద సూర్యుణ్ణి గీసింది తాతా. కోడిగుడ్డులా వచ్చింది. అందరం నవ్వాం. టీచర్ కూడా నవ్వింది. మీ తాత దగ్గర నేర్చుకుని రావాలి అంది."

మేష్టారు పేపరు మడిచి పక్కన పెట్టారు.

"ఏమండీ, వడ్డించనా?" అని భార్య కేకేసింది.

"వడ్డించు," అన్నారు. "కాస్త ఎక్కువే పెట్టు."