పట్టుగుడ్డ మీద పెట్టని కత్తెర

ఇంకాస్త ఇటు జరిగి కూర్చోండి, ఫ్యాను చప్పుడులో నా గొంతు వినపడదు. తుర్కయంజాల్ నుంచి దిల్‌సుఖ్‌నగర్‌కు పని అడగడానికి పోయిన రోజు చెబుతాను. మీరూ ఎప్పుడైనా అలా పోవలసి వస్తే పనికొస్తుంది.

నేను జాకెట్లు కుట్టేదాన్ని. ఇరవై ఏళ్లు పనిచేసిన దుకాణం మూతపడింది. ఈ పని దొరక్కపోతే ఇల్లు ఖాళీ చేసి నల్గొండ దగ్గర మా పల్లెకు తిరిగిపోవాలి. నాకు అంకెలు తెలుసు, అక్షరాలు రావు. భయమంతా అదే.

ఎనిమిదింబావుకు బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు ఉచితం. తొమ్మిదికి ఎల్‌బీ నగర్‌లో దిగి మెట్రో ఎక్కాను. టికెట్టు కౌంటర్లోనే తీసుకోండి, స్టేషన్ పేరు చెబితే చాలు.

రైల్లో పక్కనున్నావిడ నా చేతులు చూసింది. "ఏందక్కా, గిట్ల వణుకుతున్నవ్, దవాఖానకా?"

"కాదు, పని అడగనీకి పోతున్న."

"పనికే గింత పరేషానా! మా ఆయన పనిలేకనే మస్తు ఖుషీగున్నడు."

నవ్వాను. ఎక్కాక మూడో స్టేషనే దిల్‌సుఖ్‌నగర్.

అక్కడి కుట్టు దుకాణం యజమానురాలు కోస్తా నుంచి వచ్చినావిడ. ఆకుపచ్చ పట్టుగుడ్డ, కొలతల కాగితం నా ముందు పెట్టింది. "పెళ్లికూతురి జాకెట్టమ్మా. కత్తిరించి చూపించండి. గుడ్డ ఇంతే ఉంది, పాడైతే మళ్లీ దొరకదు."

కాగితంలో ఏ అంకె దేనిదో తెలియలేదు. "నాకు చదువు రాదమ్మా. ఒక్కసారి చదువుండ్రి, యాదుంచుకుంట."

ఆవిడ ముఖం మాడింది. అయినా చదివింది. ఛాతి ముప్పై ఆరు, నడుము ముప్పై, చంక చుట్టు పన్నెండు.

కత్తెర ఎత్తి ఆగిపోయాను. "ముప్పై ఆరు ఛాతికి చంక పన్నెండు ఎట్లుంటదమ్మా? చెయ్యే ఎక్కదు."

"కొలత నేనే తీశానండీ. రాసినట్టు కత్తిరించండి. లేదంటే వెళ్లండి."

కత్తిరిస్తే పని దొరుకుతుందేమో గానీ, పెళ్లిపిల్ల జాకెట్టు పోతుంది. కత్తెర బల్ల మీద పెట్టేశాను. "ఆ పిల్ల పాత జాకెట్టు ఉంటే కొలువుండ్రి. అప్పుడు పొమ్మంటే పోతా."

ఆవిడ విసుక్కుంటూ బీరువా తీసింది. పాత జాకెట్టు చంక చుట్టూ టేపు తిప్పింది, మళ్లీ తిప్పింది. పదహారు. కాగితం మీద పన్నెండు కొట్టేసింది.

"కత్తిరించండమ్మా," అంది, గొంతు తగ్గించి. "రేపట్నుంచి పదింటికల్లా వచ్చేయండి. కొలతలు నేను చదివి చెప్తాలెండి."

కత్తిరించి ఇచ్చి ఒంటిగంటకు తిరుగు మెట్రో ఎక్కాను. ఇప్పటికీ ఖరీదైన గుడ్డ ముందుకొస్తే గుండె ఒక్క క్షణం ఆగుతుంది. ఆ భయం పని రానివాళ్లదనుకునేదాన్ని ఇన్నాళ్లూ. కాదు, ఆ క్షణంలోనే నేను కొలత రెండోసారి చూసుకుంటాను.

మీ ఇంట్లో పనిచేసే చేతులన్నీ చల్లగా ఉండాలి. మీ పొయ్యి మీద ఎసరు ఎప్పుడూ మరుగుతూ ఉండాలి.